ఒకే బట్లర్ కుటుంబంలో ఇన్ని బిరుదులేంటి? ఆర్మండ్ ఎర్ల్ టైటిల్ చివరికి ఏమైంది?

కోటగోడ అడిగారు:

అందరికీ నమస్తే. పది రోజుల నుంచి ఒకటే విషయం బుర్రలో తిరుగుతోంది, నాకు నేనుగా తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నా. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ కాలం గురించి చదువుతుంటే, ఆయన రెండో భార్య ఆన్ బొలీన్ వాళ్ళ నాన్న థామస్ బొలీన్‌ని 1529లో ఆర్మండ్ ఎర్ల్‌ని చేశారని ఉంది. సరే అనుకున్నా. తర్వాత ఐర్లండ్ వైపు చదవడం మొదలుపెడితే అదే ఆర్మండ్ ఎర్ల్ బిరుదు 1328 నుంచి బట్లర్ కుటుంబానిది అని ఉంది, మరి మధ్యలో ఈ బొలీన్ ఎక్కడ దూరాడు, మళ్ళీ బట్లర్లకి ఎలా వెళ్ళింది అనేది అర్థం కాలేదు.

సరే ముందు ఈ బట్లర్ల వంశవృక్షం గీసుకుందాం అని నోట్‌బుక్ తీస్తే ఇంకా గందరగోళం. ఆర్మండ్ ఎర్ల్, ఆర్మండ్ డ్యూక్, ఆర్మండ్ మార్క్వెస్, ఆసొరీ ఎర్ల్, క్యారిక్ ఎర్ల్, మౌంట్‌గారెట్ వైకౌంట్, ఇకెరిన్ వైకౌంట్, గాల్మోయ్ వైకౌంట్, డన్‌బోయిన్ బ్యారన్, కాహిర్ బ్యారన్, లేన్స్‌బరో ఎర్ల్... అందరి ఇంటిపేరూ బట్లరే (డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్ అనేవి పై నుంచి కిందకి ప్రభు బిరుదుల హోదాలు). మూడు పేజీలు గీసి చించేశా. వీళ్ళందరూ ఒకే చెట్టు కొమ్మలా? అయితే ఎవరి బిరుదు ఎవరికి పోతుంది?

ఇంకో డౌట్, అసలు నన్ను బాగా తినేస్తున్నది ఇదే. 1997లో ఏడో మార్క్వెస్ చనిపోతే మార్క్వెస్ టైటిల్ "అంతరించింది" అని, ఎర్ల్ టైటిల్ మాత్రం "నిద్రాణంగా ఉంది" అని రాశారు. మనిషి ఒక్కడే కదా చనిపోయింది, కొడుకుల్లేరు, మరి ఒక బిరుదు చచ్చిపోయి ఇంకోటి నిద్రపోవడం ఏంటి? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

---

పాతరికార్డు:

కోటగోడ గారూ, మీరు చార్ట్ పైనుంచి కిందకి "కుటుంబం" అని గీస్తున్నారు, అందుకే చిక్కుపడుతోంది. బిరుదు కుటుంబానిది కాదండి. ఒకానొక రోజు రాజు ఒక మనిషికి ఇస్తాడు, ఆ మనిషి దగ్గర నుంచి అతని మగ సంతానం వెంట కిందకి దిగుతుంది, అంతే. పక్కకి పోదు. పక్కకి పోవాలంటే ఆ బిరుదు మొదట పుచ్చుకున్న మనిషి దాకా పైకెక్కి, అతని ఇంకో కొడుకు లైన్‌లోంచి దిగాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మీ మూడు డౌట్లూ విడిపోతాయి, నేను ఒక్కోటీ చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

మొదలు 1185. ఇంగ్లండ్ యువరాజు జాన్ ఐర్లండ్ వెళ్ళినప్పుడు వెంట థియోబాల్డ్ వాల్టర్ అనే ఆయన వెళ్ళాడు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ హ్యూబర్ట్ వాల్టర్‌కి అన్న. ఆయనకి ఐర్లండ్ చీఫ్ బట్లర్ అనే పదవి వచ్చింది, అంటే రాజుకి ద్రాక్షసారాయి అందించే గౌరవం. ఆ పదవి పేరే తర్వాత ఇంటిపేరయింది. పదవితో పాటు పన్ను కూడా వచ్చింది, ఐర్లండ్ రేవుల్లోకి వైన్ మోసుకొచ్చే పెద్ద ఓడల్లోంచి రెండు పెద్ద పీపాలు వీళ్ళకి చెందాలి, ఒకటి తెరచాప కొయ్యకి ముందున్నది, ఒకటి వెనకున్నది. ఎవరో వందేళ్ళు తిని వదిలేశారనుకోకండి, 1811లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ హక్కుని వీళ్ళ దగ్గర తిరిగి కొనుక్కోవడానికి 2,16,000 పౌండ్లు కట్టింది! ఆరు వందల ఏళ్ళ తర్వాత!

ఎర్ల్ బిరుదు 1328లో జేమ్స్ బట్లర్‌కి వచ్చింది. ఆర్మండ్ అంటే తూర్పు మన్‌స్టర్. మూడో ఎర్ల్ 1391లో కిల్కెన్నీ కోట కొన్నాడు, అక్కడి నుంచి కుటుంబానికి అదే నడిబొడ్డు.

ఇక బొలీన్ సంగతి. నాలుగో ఎర్ల్‌కి ముగ్గురు కొడుకులు, వరసగా ముగ్గురూ ఎర్ల్‌లు అయ్యారు. పెద్దాయన ఇంగ్లండ్ రాజ్యం కోసం జరిగిన యుద్ధాల్లో ఓడిన పక్షాన ఉండి 1461లో తల పోగొట్టుకున్నాడు. రెండో ఆయన జెరూసలేం యాత్రలో పోయాడు. మూడో ఆయన థామస్, ఏడో ఎర్ల్, 1515లో ముసలితనంలో పోయాడు. పెళ్ళిలో పుట్టిన మగపిల్లాడు ముగ్గురికీ మిగల్లేదు. ఏడో ఎర్ల్‌కి ఇద్దరు కూతుళ్ళు, వాళ్ళలో మార్గరెట్ కొడుకే థామస్ బొలీన్. అంటే బొలీన్ ఆ ఇంటి దౌహిత్రుడు.

ఇటు ఐర్లండ్‌లో ఇంకో మనిషి ఉన్నాడు, పియర్స్ బట్లర్, ఎర్రజుట్టు పియర్స్ అనేవాళ్ళు. మూడో ఎర్ల్ చిన్న కొడుకు రిచర్డ్ నుంచి దిగిన పోల్స్‌టౌన్ కొమ్మ. అంటే వంద ఏళ్ళకి పైగా పక్కన ఉండిపోయిన దాయాదులు, కానీ ఇంగ్లండ్‌లో కూర్చున్న ఎర్ల్‌ల తరఫున ఐర్లండ్‌లో నేల మీద ఉండి వ్యవహారం చూసుకున్నది వీళ్ళే. పియర్స్ 1497లో ఆరో ఎర్ల్‌కి పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకుని, ఆస్తి మీద పడుతున్నాడని, చంపేశాడు కూడా. అంత పట్టుదల.

ఇంగ్లండ్ భూములు కూతుళ్ళకి పోయాయి, దాంట్లో పెద్ద గొడవ లేదు. బిరుదూ ఐర్లండ్ భూములూ మగ లైన్‌కే అని పియర్స్, కాదు అన్నీ మావేనని కూతుళ్ళ తరఫువాళ్ళు. దీన్ని తెంపడానికి ఏం ఆలోచించారో చూడండి, పియర్స్ కొడుకు జేమ్స్‌కి ఆన్ బొలీన్‌ని ఇచ్చి చేసేద్దాం అనుకున్నారు, 1520 తర్వాత ఒకటి రెండేళ్ళు ఆ మాటలు నడిచాయి. ఆ సంబంధం కుదిరి ఉంటే ఆన్ బొలీన్ కిల్కెన్నీలో ఎర్ల్ భార్యగా ముసలిదై పోయేది. కుదరలేదు. తర్వాత రాజు చూపు ఆమె మీద పడింది, బొలీన్ మాటకి బలం వచ్చింది, 1528లో పియర్స్‌తో ఆర్మండ్ బిరుదు వదిలించి బదులుగా ఆసొరీ ఎర్ల్ అని ఇంకోటి ఇచ్చారు, మరుసటి ఏడాది ఆర్మండ్ బొలీన్‌కి వెళ్ళింది. 1536 మే నెలలో, అప్పటికి రాణి అయిన ఆన్‌నీ ఆమె సోదరుడు జార్జ్‌నీ రెండు రోజుల తేడాతో రాజు మరణశిక్ష వేయించి చంపించాడు, దాంతో బొలీన్ పలుకుబడి పోయింది. 1538లో బొలీన్ ఇంకా బతికుండగానే పియర్స్‌కి ఆర్మండ్ తిరిగొచ్చింది. 1539లో ఇద్దరూ పోయారు, బొలీన్ మార్చిలో, పియర్స్ ఆగస్టులో.

మీ 1997 డౌట్‌కి సమాధానం కూడా ఈ పియర్స్ దగ్గరే ఉంది. ఇప్పుడు చెయ్యి నొప్పెడుతోంది, రాత్రికి రాస్తా.

---

కోటగోడ:

అన్నా మీకు ఎన్ని థ్యాంక్స్ చెప్పినా తక్కువే. ఆన్ బొలీన్‌కీ బట్లర్‌కీ పెళ్ళిమాటలు నడిచాయని నాకు అస్సలు తెలీదు, చదివి కాసేపు అలా ఉండిపోయా. రాత్రి వరకు వెయిట్ చేస్తా. ఈలోపు ఒక చిన్న ప్రశ్న, కూతురికి రాదు అన్నారు, మరి దత్తత తీసుకుంటే? మగపిల్లలు లేనివాళ్ళు దాయాదుల పిల్లాడినో కూతురి కొడుకునో దత్తత చేసుకుని బిరుదు నిలబెట్టుకోవచ్చు కదా, ఇన్ని తిప్పలెందుకు?

---

నీలిసిరా:

దత్తత చెల్లదండి. రక్తసంబంధం ఉండాలి, పైగా పెళ్ళిలో పుట్టిన కొడుకై ఉండాలి. ఆస్తి అయితే వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, బిరుదు మీద మాత్రం దాన్ని అనుభవించే మనిషికి కూడా చేయి ఉండదు, ఇవ్వలేడు, అమ్మలేడు. ఆ బాధ ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే మీ లిస్టులో ఉన్న డన్‌బోయిన్ బ్యారన్ల కథ వినాలి. నాకు ఈ మొత్తం కుటుంబంలో మనసుని బాగా పట్టేసిన మనిషి ఈయనే.

జాన్ బట్లర్ అని ఒక బిషప్. 1763 నుంచి కార్క్‌కి కేథలిక్ బిషప్, ఇరవై ఏళ్ళకి పైగా చేశాడు. కేథలిక్కుల మీద కఠినమైన చట్టాలున్న రోజులు అవి, అలాంటప్పుడు బిషప్‌గా ఉండటం అంటే మామూలు విషయం కాదు. 1785 చివర్లో ఆయన అన్న కొడుకు చనిపోయాడు, బిరుదు ఈయన మీద పడింది. బిషప్ కదా, పెళ్ళి లేదు, పిల్లలు లేరు, వయసు మీద పడింది. తనతో ఈ లైన్ ఆగిపోతుంది, బిరుదు ఎక్కడో దూరపు కొమ్మకి పోతుంది అని ఆయనకి మనసులో ఏ స్థాయిలో గుచ్చుకుందో గానీ, బిషప్ పదవికి రాజీనామా ఇచ్చి పెళ్ళి చేసుకోవడానికి అనుమతి కావాలని రోమ్‌కి రాశాడు. పోప్ ఒప్పుకోలేదు. అయినా ఆగలేదు, బంధువుల్లోనే చిన్నవయసు అమ్మాయిని పెళ్ళి చేసుకుని 1787లో ప్రొటెస్టెంట్ మతంలోకి మారిపోయాడు. ఊరి జనం, తన చేత్తో దీక్ష ఇచ్చిన పాదర్లు అందరూ చూస్తుండగా.

వారసుడు పుట్టలేదు. ఒక ఆడపిల్ల పుట్టి పసితనంలోనే పోయిందంటారు.

1800లో మంచం పట్టాక మళ్ళీ కేథలిక్ మతానికి తిరిగొచ్చాడు, విలియం గహాన్ అనే అగస్టీనియన్ సన్యాసి దగ్గర కూర్చుని ఆఖరి ప్రార్థనలు చేయించాడు. మీథ్ జిల్లాలో ఉన్న తన ఎస్టేట్‌ని మేనూత్ కాలేజీకి, అంటే పాదర్లని చదివించే కాలేజీకి రాసిపోయాడు. అప్పుడు మొదలైంది కోర్టు గొడవ. మతం మారి మళ్ళీ కేథలిక్ అయినవాడికి ఆ రోజుల చట్టం ప్రకారం వీలునామా రాసే హక్కు లేదు, కాబట్టి ఆయన ఏ మతస్థుడిగా చనిపోయాడో చెప్పమని గహాన్‌ని సాక్షిగా పిలిచారు. మరణశయ్య దగ్గర విన్నది బయట పెట్టను అన్నాడు ఆయన. 1802లో ట్రిమ్ కోర్టులో కోర్టు ధిక్కారం కింద జైలుకి పంపారు. చివరికి కాలేజీకి ఎస్టేట్‌లో వాటా దక్కింది, అక్కడ పై చదువుల విభాగానికి డన్‌బోయిన్ పేరే పెట్టారు. బిరుదు మాత్రం ఆయన భయపడినట్టే వేరే కొమ్మకి వెళ్ళింది, ఇప్పటికీ ఉంది.

బిషప్ సమాధి ఫెథర్డ్‌లో అగస్టీనియన్ల మఠంలో ఉంది. ఆయన్ని తప్పు పట్టేవాళ్ళు ఉన్నారు, నాకు మాత్రం చదివిన ప్రతిసారీ జాలే వేస్తుంది. దత్తత కుదిరే చట్టం ఉండి ఉంటే ఆ ముసలాయన బిషప్‌గానే పోయేవాడు.

---

పడవప్రయాణం:

చిన్న దిద్దుబాటు, కోటగోడ గారి లిస్టులో లేన్స్‌బరో ఎర్ల్‌ని కొట్టేయండి. ఇంటిపేరు బట్లరే గానీ ఈ చెట్టు కాదు, వాళ్ళు వేరే ఇంగ్లిష్ కుటుంబం, తర్వాత ఎప్పుడో ఐర్లండ్ వచ్చినవాళ్ళు. 1756లో ఎర్ల్ అయ్యారు, 1998లో అంతరించింది. మార్క్వెస్ 1997, ఇది 1998, పక్కపక్క ఏళ్ళు కావడంతో రెండూ ఒకటే అనుకునేవాళ్ళని చూశా.

క్యారిక్ దగ్గర కూడా జాగ్రత్త. 1315లో ఎడ్మండ్ బట్లర్‌కి క్యారిక్ ఎర్ల్ అని ఇచ్చారు, ఈయన 1328 ఆర్మండ్ ఎర్ల్ తండ్రి, కానీ కొడుకుకి ఆ బిరుదు దిగలేదు. ఇప్పుడున్న క్యారిక్ ఎర్ల్ బిరుదు 1748ది, ఇకెరిన్ వైకౌంట్ల కొమ్మకి వచ్చింది. రెండిటి మధ్య నాలుగు వందల ఏళ్ళు. కాబట్టి మీ చార్ట్‌లో ఇకెరిన్‌నీ క్యారిక్‌నీ ఒకే గీత మీద పెట్టండి, 1629లో వైకౌంట్, 1748లో ఎర్ల్, మనిషి అదే లైన్.

గాల్మోయ్ ఆగిపోయిన గీత. మూడో వైకౌంట్ రెండో జేమ్స్ రాజు పక్షాన బోయిన్ దగ్గరా ఆక్రిమ్ దగ్గరా పోరాడి, ఓడిపోయాక ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు, ఇక్కడ బిరుదు రద్దు చేశారు. కాహిర్ బ్యారన్లు 1816లో గ్లెన్‌గాల్ ఎర్ల్‌లు అయ్యి 1858లో అంతరించారు.

---

పాతరికార్డు:

నీలిసిరా గారు డన్‌బోయిన్ కథ భలే చెప్పారు. ఇప్పుడు మిగతాది.

బిరుదు ఒక దారి, భూమి ఒక దారి అని పియర్స్ దగ్గర మొదలైన చిక్కు ఆయన మనవడి దగ్గర మళ్ళీ వచ్చింది. పదో ఎర్ల్ థామస్, నల్ల టామ్ అనేవాళ్ళు, ఎలిజబెత్ రాణికి దగ్గరివాడు, క్యారిక్ ఆన్ షూర్‌లో పెద్ద భవనం కట్టాడు, 1614లో పోయాడు. బతికిన కొడుకుల్లేరు, ఒక్క కూతురు. బిరుదు తమ్ముడి కొడుకు వాల్టర్‌కి వచ్చింది, కిల్కాష్ కొమ్మ. వాల్టర్ మహా దైవభక్తుడు, కేథలిక్, జపమాలల వాల్టర్ అని పేరు. ఒకటో జేమ్స్ రాజు ఏం చేశాడంటే, భూముల్లో పెద్ద భాగం కూతురికీ ఆమెని పెళ్ళాడిన తన ఇష్టుడైన డింగ్‌వాల్ ప్రభువుకీ అని తీర్పు ఇచ్చాడు. వాల్టర్ తల వంచలేదు, లండన్‌లో ఫ్లీట్ జైల్లో పెట్టారు, 1625 దాకా లోపలే, ఏళ్ళ తరబడి. పేరుకి పదకొండో ఎర్ల్, చేతిలో ఏమీ లేదు. మధ్యలో 1619లో కొడుకు సముద్రంలో మునిగి పోయాడు. మనవడు జేమ్స్‌ని ప్రభుత్వం తన చేతికింద పెట్టుకుని ఆర్చిబిషప్ ఇంట్లో ప్రొటెస్టెంట్‌గా పెంచింది.

అటు డింగ్‌వాల్ కూడా 1628లో సముద్రంలోనే పోయాడు, భార్యా అదే రోజుల్లో పోయింది, వాళ్ళకి ఒక్కతే కూతురు ఎలిజబెత్. 1629లో ఆ పిల్లనీ ఈ పిల్లాడినీ పెళ్ళి చేశారు, బిరుదూ భూమీ మళ్ళీ ఒక ఇంట్లోకి వచ్చాయి. నూరేళ్ళ కింద జేమ్స్ బట్లర్‌కీ ఆన్ బొలీన్‌కీ కుదరని లెక్క ఇక్కడ కుదిరింది. ఇది చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది నిజంగా.

ఆ జేమ్సే పన్నెండో ఎర్ల్, 1642లో మార్క్వెస్, 1661లో డ్యూక్. డబ్లిన్‌లో కిల్మెయిన్‌హామ్‌లో ముసలి సైనికుల కోసం కట్టిన రాయల్ హాస్పిటల్ ఈయన హయాంలోదే.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి కోటగోడ గారూ. రెండో డ్యూక్ ఈయన మనవడు, 1715లో గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం పక్షం వైపు వెళ్ళి పారిపోయాడు, బ్రిటన్ పార్లమెంట్ బిరుదులు రద్దు చేసింది, 1745లో ప్రవాసంలో పోయాడు. తమ్ముడు చార్ల్స్ 1758లో పిల్లలు లేకుండా పోయాడు. దాంతో మొదటి డ్యూక్ నుంచి దిగే మగ లైన్ అయిపోయింది, డ్యూక్ అంతం. ఎందుకంటే డ్యూక్ బిరుదు మొదలైంది ఆ మొదటి డ్యూక్ దగ్గరే, ఆయన పైకి వెళ్ళలేం. కానీ ఎర్ల్ బిరుదు మొదలైంది 1328లో కదా, దానికోసం ఇంకా పైకి వెళ్ళొచ్చు. మొదటి డ్యూక్‌కి రిచర్డ్ అని తమ్ముడు, కిల్కాష్‌లో ఉండేవాడు. ఆ తమ్ముడి లైన్ డ్యూక్‌లు కాలేరు, ఎర్ల్‌లు అవ్వగలరు. కానీ రద్దు అయిపోయింది అనే భయంతో ఎవరూ వాడుకోలేదు, ఊరికే ఉండిపోయారు. 1791లో జాన్ బట్లర్ అనే ఆయన ఐర్లండ్ ప్రభువుల సభకి వెళ్ళి అడిగితే, బ్రిటన్ పార్లమెంట్ చట్టం ఐర్లండ్ బిరుదుని తాకలేదు అని తేల్చారు, పదిహేడో ఎర్ల్ అయ్యాడు. వారి తర్వాతివాళ్ళకి 1816లో మార్క్వెస్ ఇచ్చారు, ఆయన పిల్లల్లేక పోతే అది ఆగిపోయింది, 1825లో తమ్ముడికి మళ్ళీ కొత్తగా ఇచ్చారు.

ఇక 1997. ఆ ఏడో మార్క్వెస్ అమెరికాలో స్థిరపడిన మనిషి, ఇద్దరు కూతుళ్ళు. 1825లో బిరుదు పుచ్చుకున్న తమ్ముడి మగ లైన్ అక్కడితో అయిపోయింది, కాబట్టి మార్క్వెస్ పోయింది, ఇంక లేదు. ఎర్ల్ బిరుదు కోసం మాత్రం మళ్ళీ పైకి ఎక్కాలి. ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడ ఆగుతామో తెలుసా, మన ఎర్రజుట్టు పియర్స్ దగ్గర. ఆయన చిన్న కొడుకు రిచర్డ్‌కి 1550లో మౌంట్‌గారెట్ వైకౌంట్ బిరుదు వచ్చింది, ఆ లైన్ ఇప్పటికీ ఉంది. అంటే ఆర్మండ్, ఆసొరీ రెండు ఎర్ల్ బిరుదులకీ దగ్గరగా కనపడే వారసుడు మౌంట్‌గారెట్ వైకౌంటే. అయితే నాలుగున్నర శతాబ్దాల్లో మధ్యలో ఉన్న ప్రతి మగ కొమ్మా ఎండిపోయిందని రుజువు చెయ్యాలి, ఎక్కడో ఫ్రాన్స్‌కో స్పెయిన్‌కో పోయిన ఒక తమ్ముడికి మగబిడ్డ లేడని కాగితం చూపించాలి. అది తేలి ఒప్పుకునేదాకా బిరుదు పోలేదు, ఎవరి చేతిలోనూ లేదు. దాన్నే నిద్రాణం అంటారు.

---

మధ్యాహ్నంఎండ:

నేను డబ్లిన్‌లో చదువుకున్నప్పుడు కిల్కెన్నీ రెండుసార్లు వెళ్ళాను, కోటగోడ గారి పేరు చూసి రాయాలనిపించింది. కోటకి మూడు పక్కలే ఉంటాయండి, నాలుగో వైపు గోడ లేదు, ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం 1650లో కొట్టింది, అటువైపు ఇప్పుడు పార్కులోకి తెరుచుకుని ఉంటుంది. లోపల పొడుగాటి గ్యాలరీ, పైకప్పు చెక్కతో, రెండు పక్కలా పెద్ద పెద్ద బొమ్మలు. కుటుంబం 1935లో సామాను వేలం వేసి వెళ్ళిపోయింది, తర్వాత కోట పాడుపడుతుంటే 1967లో ఆరో మార్క్వెస్ ఊరి జనానికి 50 పౌండ్లకి ఇచ్చేశాడు. 1391లో కొన్న కోట అది.

కానీ మీరు ఎప్పుడైనా వెళ్తే కోట చూసి తిరిగొచ్చేయకండి, పది పదిహేను నిమిషాలు నడిచి సెయింట్ కానిస్ కేథడ్రల్‌కి వెళ్ళండి. ఎర్రజుట్టు పియర్స్ సమాధి అక్కడుంది, పక్కనే భార్య మార్గరెట్ ఫిట్జ్‌జెరాల్డ్, కిల్డేర్ ఎర్ల్ కూతురు. నల్లటి రాయిలో ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టినట్టు చెక్కారు, ఆయన ఒంటినిండా కవచం, ఆమె తలకి కొమ్ముల్లా రెండువైపులా లేచిన ఆ కాలపు తలపాగా, ఆమె గౌను మడతలు రాయిలో అలా జారుతూ ఉంటాయి. అప్పుడు నాకు ఈ బొలీన్ గొడవ ఏమీ తెలీదు, ఎవరో ఎర్ల్ అనుకుని ఫొటో తీసుకుని వచ్చేశా. ఇప్పుడు ఈ థ్రెడ్ చదివి ఆ ఫొటో వెతికి చూస్తే, పదేళ్ళు చేయిజారిన బిరుదుని చనిపోయే ముందు ఏడాది తిరిగి సంపాదించుకున్న మనిషా ఈయన అని వేరేగా కనపడ్డాడు.

---

కోటగోడ:

మీ అందరికీ చేతులెత్తి నమస్కారం. పాతరికార్డు అన్నా, కింద నుంచి పైకి ఎక్కడం అన్నారు కదా, రాత్రి రెండింటి వరకు కూర్చుని అలాగే గీశా, ఈసారి పేజీ చించలేదు. ఒక్కో బిరుదుకి ఒక్కో రంగు పెట్టా, డ్యూక్‌ది నీలం రంగు, 1661లో మొదలై 1758 దగ్గర ఆగిపోయింది, మార్క్వెస్‌ది ఆకుపచ్చ 1825 నుంచి 1997, ఎర్ల్‌ది ఎరుపు, అది మాత్రం ఎక్కడికక్కడ పక్క కొమ్మ ఎక్కుతూ వచ్చింది. పియర్స్ దగ్గర ఎరుపు రంగు విరిగి మళ్ళీ అతుకుతుంది, 1528 నుంచి 1538 వరకు. బొలీన్‌కి చుక్కల గీత పెట్టా.

ఒక్క డౌట్ మిగిలింది, ఇప్పుడు ఐర్లండ్ స్వతంత్ర దేశం కదా, మరి మౌంట్‌గారెట్, డన్‌బోయిన్, క్యారిక్ ఇవన్నీ అక్కడ చట్టంలో ఏమన్నా లెక్కా?

---

పాతరికార్డు:

అక్కడ లెక్క లేదు. ఐర్లండ్ రాజ్యాంగం 40వ అధికరణంలోనే ఉంది, ప్రభుత్వం ఎవరికీ ప్రభు బిరుదులు ఇవ్వకూడదు, పౌరులు బయటివాళ్ళ దగ్గర తీసుకోవాలన్నా ప్రభుత్వం ముందుగా ఒప్పుకోవాలి. పాత బిరుదుల్ని పిలుపు కోసం మర్యాదగా వాడతారు, అంతవరకే.

లండన్ ప్రభువుల సభలో కూడా ఐర్లండ్ బిరుదు ఉన్నంతమాత్రాన కుర్చీ ఉండేది కాదు. ఐర్లండ్ బ్రిటన్‌తో కలిసిన 1801 తర్వాత ఐర్లండ్ ప్రభువులంతా కలిసి తమలో 28 మందిని జీవితకాలానికి ఎన్నుకునేవాళ్ళు, ఐర్లండ్ విడిపోయిన 1922 తర్వాత ఆ ఎన్నికలు ఆగాయి, అలా ఎన్నికైనవాళ్ళలో ఆఖరి ఆయన 1961లో పోయాడు. అందుకే ఈ కొమ్మలవాళ్ళు కొందరు వేరేగా యునైటెడ్ కింగ్‌డమ్ బ్యారన్ బిరుదు సంపాదించుకున్నారు, మౌంట్‌గారెట్‌కి 1911లో, క్యారిక్‌కి 1912లో మౌంట్ జూలియెట్ బట్లర్ బ్యారన్ అని, సభలో కూర్చున్నది ఆ చిన్న బిరుదు మీదే. 1999లో వంశపారంపర్య ప్రభువుల్లో చాలామందిని సభ నుంచి తీసేశారు, అక్కడితో ఆ అవసరం కూడా చాలావరకు పోయింది.

అందుకని మీ చార్ట్‌లో ఆ రెంటికీ ఇంకో రంగు కావాలి. 1911, 1912 దగ్గర మొదలుపెట్టండి, పైకి ఏ గీతతోనూ కలపకండి, అవి ఆ ఇద్దరి దగ్గరే పుట్టాయి. అయ్యాక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పియర్స్ దగ్గర ఆ అతుకు నాకూ చూడాలనుంది.